సర్వీసుకిచ్చిన కారు దెబ్బతింటే బాధ్యత ఎవరిది?

మరమ్మతుకిచ్చిన కారు కొత్త సొట్టతో తిరిగివస్తే నష్టాన్ని ఎవరు భరించాలి? సాధారణ వివేకం గల వ్యక్తి సొంత వస్తువుపై చూపే జాగ్రత్తనే అప్పగించిన వస్తువుపైనా చూపాలని భారత కాంట్రాక్టు చట్టం–1872లోని 151వ సెక్షన్ నిర్దేశిస్తోంది. విధి నిర్వహణలో మెకానిక్ చేసిన పొరపాటుకు డీలరే జవాబుదారీ.

అయితే వివాదాన్ని తేల్చేది ఆధారాలే. కారు అప్పగించేటప్పుడే నలువైపులా ఫొటోలు తీసి, అప్పటికే ఉన్న గీతలను జాబ్ కార్డులో రాయించాలి. తిరిగి తీసుకునేటప్పుడు నష్టం కనిపిస్తే, సంతకానికి ముందే దానిని రాతపూర్వకంగా నమోదు చేయించాలి.

డీలరు స్పందించకుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915ను సంప్రదించవచ్చు. అక్కడా పరిష్కారం లభించకుంటే, రెండేళ్లలోగా తాము నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. సేవకు చెల్లించిన సొమ్ము రూ.5 లక్షలు దాటకుంటే ఫిర్యాదు రుసుము ఉండదు. న్యాయవాది కూడా తప్పనిసరి కాదు.