మెదడు గడప దాటేదెవరు?

అపోహలు – వాస్తవాలు

జలుబు చేసి మెడికల్ షాపుకి వెళ్తే కౌంటర్ దగ్గర తరచూ వినపడే మాట ఒకటుంది: "అన్నా, మత్తు రానిది ఇవ్వు. బండి నడపాలి." షాపతను చేతిలోకి తీసిన అవిల్ స్ట్రిప్పు పక్కన పెట్టి, ఫెక్సోఫెనాడిన్ తీసి ఇస్తాడు. రెండూ చేసే పని ఒకటే, హిస్టమిన్‌ను అడ్డుకోవడం. రెండూ కడుపులో కరిగి రక్తంలోనే కలుస్తాయి. ఆ రక్తం మెదడుకీ వెళ్తుంది. మరి మొదటిది జోకొట్టి పడుకోబెడుతుంటే రెండోది ఎందుకు ఊరుకుంటుంది? మొదటిది మెదడులోకి దూరగలదు. రెండోదాన్ని గడపలోనే ఆపి వెనక్కి పంపేస్తారు. తేడా అక్కడే ఉంది.

ఆ గడపకే డాక్టర్లు బ్లడ్ బ్రెయిన్ బ్యారియర్ అని పేరు పెట్టుకున్నారు. తెలుగులో రక్త-మెదడు అవరోధం అంటున్నాం. అవరోధం అనగానే మనకు గోడ గుర్తొస్తుంది. దీని చుట్టూ అల్లుకున్న అపోహలు చాలావరకు అక్కడి నుంచే మొదలవుతాయి.

అపోహ: మెదడును సంచిలా కప్పి ఉంచే పొరే ఈ అవరోధం.

వాస్తవం: మెదడును కప్పి ఉంచే పొరలు వేరు, వాటిని మెనింజెస్ అంటారు. అవరోధం ప్రధానంగా మెదడు లోపల అల్లుకున్న రక్తకేశనాళికల గోడల్లో ఉంటుంది. ఒక మనిషి మెదడులోని ఈ సన్నని నాళికలన్నీ విప్పి వరసగా పరిస్తే 600 కిలోమీటర్లు వస్తాయని అంచనా. అంటే ఇంచుమించు హైదరాబాదు నుంచి విశాఖపట్నం దాకా.

ఈ సంగతి బయటపడింది రంగునీళ్ళతో. 1885లో జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిష్ జంతువుల రక్తంలోకి రంగు ఎక్కించి చూస్తే అవయవాలన్నీ రంగు తేలాయి, మెదడూ వెన్నుపామూ తప్ప. మెదడుకు రంగు అంటే గుణం లేదేమో అనుకుని ఆయన ఊరుకున్నారు. శిష్యుడు ఎడ్విన్ గోల్డ్‌మన్ ఊరుకోలేదు. 1913లో ట్రిపాన్ బ్లూ అనే నీలిరంగును ఈసారి రక్తంలోకి కాకుండా మెదడు చుట్టూ ఉండే ద్రవంలోకి ఎక్కించారు. మెదడు నీలంగా మారింది, మిగతా ఒంటికి రంగు సోకలేదు. రంగు మెదడుకు బాగానే అంటుతుందని, రక్తం నుంచి దానికి దారే లేదని తేలిపోయింది. 1921లో జెనీవాలో లీనా స్టెర్న్ ఈ అడ్డుకు పేరు పెట్టి, దాన్ని ఒక పరిశోధనాంశంగా నిలబెట్టారు. ఆ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ అయిన తొలి మహిళ ఆమే. చివరికి 1967లో థామస్ రీస్, మోరిస్ కార్నోవ్‌స్కీ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో అసలు తాళం చూశారు. నాళిక లోపలి గోడలోని ఎండోథీలియల్ కణాలు ఒకదానికొకటి సందు లేకుండా అతుక్కుని ఉన్నాయి. ఆ అతుకులనే టైట్ జంక్షన్లు అంటారు.

అపోహ: అది పుట్టుకతో వచ్చిన గోడ. పని లేదు, మార్పు లేదు.

వాస్తవం: గోడకు ప్రాణం ఉండదు, దీనికి ఉంది. 1981లో స్టీవార్ట్, వైలీ అనే ఇద్దరు పరిశోధకులు కౌజు పిట్ట పిండం నుంచి ఇంకా రక్తనాళాలు పుట్టని మెదడు ముక్క తీసి కోడి పిండం పొట్టలో నాటారు. పొట్టలోని మామూలు నాళాలు ఆ ముక్కలోకి పాకాయి, పాకి మెదడు నాళాల్లాగే బిగుసుకున్నాయి. అంటే ఈ బిగువు నాళానికి పుట్టుకతో అబ్బింది కాదు, ఇరుగుపొరుగు నేర్పింది. చుట్టూ ఉండే ఆస్ట్రోసైట్లు, పెరిసైట్లు అనే కణాలు రోజూ సంకేతాలు పంపుతుంటేనే ఆ బిగువు నిలుస్తుంది.

పైగా దాని పనిలో సగం లోపలికి తేవడమే. ఒంటి బరువులో మెదడు 2 శాతం, ఖర్చు చేసే శక్తి 20 శాతం. ఆ శక్తికి కావలసిన గ్లూకోజ్‌ను గ్లట్1 అనే వాహక ప్రోటీన్ మోసుకొస్తుంది. ఈ ప్రోటీన్ పుట్టుకతోనే లోపించే పిల్లలున్నారు. వాళ్ళ రక్తంలో షుగర్ మామూలుగానే ఉంటుంది, వెన్నులోంచి తీసిన నీటిలో మాత్రం పడిపోయి ఉంటుంది. అంగడి నిండా సరుకున్నా మెదడుకు పస్తే. ఫలితం మూర్ఛలు, ఎదుగుదల లోపం. వీళ్ళకు కొవ్వు ఎక్కువగా, పిండిపదార్థాలు బాగా తక్కువగా ఉండే కీటోజెనిక్ ఆహారం ఇస్తారు. కొవ్వు నుంచి పుట్టే కీటోన్లు వేరే వాహకం ఎక్కి లోపలికి వెళ్తాయి.

అపోహ: రక్తంలో కలిసిన మందు మెదడుకు చేరినట్టే.

వాస్తవం: కొత్తగా తయారయ్యే చిన్న అణువుల మందుల్లో సుమారు 98 శాతం ఈ గడప దాటవని ఈ రంగంలో తరచూ చెప్పే అంచనా. కొన్ని దూరలేక ఆగిపోతాయి. కొన్ని దూరుతాయి గానీ, పీ-గ్లైకోప్రోటీన్ అనే పంపు వాటిని పట్టి మళ్ళీ రక్తంలోకి తోసేస్తుంది.

ఈ పంపు విలువ తెలిసింది ఒక అనుకోని దుర్ఘటనతో. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆల్‌ఫ్రెడ్ షింకెల్ బృందం ఈ పంపు జన్యువును తీసేసిన ఎలుకలను పెంచుతోంది. అవి చూడ్డానికి ఆరోగ్యంగానే ఉన్నాయి. ఎలుకల గదిలో పురుగు పడితే మామూలుగా చేసినట్టే ఐవర్‌మెక్టిన్ చల్లారు. మామూలు ఎలుకలకు ఏమీ కాలేదు, పంపు లేనివి దాదాపు అన్నీ చనిపోయాయి. పరీక్షిస్తే వాటి మెదడులో ఆ మందు మామూలు కన్నా సుమారు 90 రెట్లు ఎక్కువగా ఉంది. 1994లో ఈ ఫలితం అచ్చయింది. మనం నులిపురుగులకో గజ్జికో వేసుకునే ఐవర్‌మెక్టిన్ మన మెదడును ముట్టకపోవడానికి పెద్ద కారణం ఈ పంపే. విరేచనాలకు వాడే లోపెరమైడ్ కూడా నల్లమందు కుటుంబపు మందే. మత్తెక్కకపోవడానికి కారణం అదే పంపు. అలాగని ఎంతైనా మింగవచ్చని కాదు, మోతాదు బాగా మించితే లోపెరమైడ్ గుండె లయను దెబ్బతీస్తుంది.

అపోహ: మెదడులో డోపమిన్ తగ్గితే డోపమిన్ ఇస్తే సరి. సెరటోనిన్ కోసం అరటిపండు తింటే చాలు.

వాస్తవం: అరటిపండులో సెరటోనిన్ ఉన్నమాట నిజం, కానీ అది గడప దాటదు. డోపమిన్ కూడా అంతే. అందుకే పార్కిన్సన్ రోగులకు డోపమిన్ ఇవ్వరు, దాని ముడిసరుకు ఎల్-డోపా ఇస్తారు. అది చూడ్డానికి అమైనో ఆమ్లంలా ఉంటుంది కాబట్టి అమైనో ఆమ్లాలను మోసే వాహకం దాన్ని ఎక్కించుకుంటుంది. లోపలికి వెళ్ళాక డోపమిన్‌గా మారుతుంది. దారిలోనే మారిపోకుండా కార్బిడోపా తోడిస్తారు.

మన పొలం గట్ల మీద పాకే దూలగొండి గింజల్లో ఈ ఎల్-డోపా సహజంగా ఉంది. 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి దాన్ని ఆ గింజల్లోంచి వేరుచేసి చూపించారు. అలాగని గింజల పొడి కొని సొంతంగా వాడకూడదు. ఏ గింజలో ఎంత మందుందో తెలియదు, మాత్రతో కలిస్తే మోతాదు మించుతుంది.

ఇంట్లో పార్కిన్సన్ రోగి ఉంటే ఇంకొకటి గుర్తుంచుకోవాలి. పప్పు, గుడ్డు, మాంసం ఎక్కువగా తిని ఆ వెంటనే మాత్ర వేసుకుంటే, ఆ ప్రోటీన్ నుంచి వచ్చే అమైనో ఆమ్లాలు అదే బస్సులో సీట్ల కోసం పోటీ పడతాయి. మాత్ర ఆ పూట సరిగ్గా పనిచేయలేదని కొందరు అనడానికి ఇదీ ఒక కారణం. భోజనానికి కనీసం అరగంట ముందు వేసుకోమని డాక్టర్లు చెప్పేది అందుకే.

అపోహ: అజినొమోటో తింటే మెదడు కణాలు చచ్చిపోతాయి.

వాస్తవం: ఈ భయం పూర్తిగా గాలిలోంచి పుట్టింది కాదు. 1969లో జాన్ ఓల్నీ అనే పరిశోధకుడు అప్పుడే పుట్టిన ఎలుక పిల్లల చర్మం కింద అజినొమోటోలో ఉండే గ్లుటమేట్‌ను భారీ మోతాదులో ఎక్కించినప్పుడు హైపోథాలమస్‌లో కణాలు దెబ్బతిన్నాయి. అయితే దెబ్బ తగిలిన చోటు చూడండి. మెదడులో కొన్ని చిన్న భాగాలకు ఈ కాపలా ఉండదు. రక్తంలోని హార్మోన్లను, విషాలను రుచి చూడటమే వాటి పని. హానికరమైనది మింగితే వాంతి తెప్పించే కేంద్రమూ అలాంటిదే. ఓల్నీ చూసిన దెబ్బ అలాంటి కాపలా లేని తావును ఆనుకుని ఉన్న చోటే. మనం తినే గ్లుటమేట్‌ను చాలావరకు పేగు కణాలే ఇంధనంగా వాడేసుకుంటాయి, మిగిలింది గడప దాటడం చాలా కష్టం. టమాటాలో, తల్లిపాలలో ఉండేదీ అదే గ్లుటమేట్. ఫ్రైడ్ రైస్ బండి దగ్గర అసలు అనుమానించాల్సింది మళ్ళీమళ్ళీ కాచిన నూనెను, గుప్పెట్లతో పోసే ఉప్పును.

అపోహ: పసిపిల్లలకు ఈ అవరోధం ఉండదు. అందుకే కామెర్లు తలకెక్కుతాయి.

వాస్తవం: మెదడులోకి నాళాలు పాకుతున్న దశలోనే, గర్భంలోనే, టైట్ జంక్షన్లు ఏర్పడతాయి. కామెర్ల ప్రమాదం వేరే దారిలో వస్తుంది. బిలిరుబిన్ కొవ్వులో కరిగే పదార్థం. రక్తంలో అల్బుమిన్ దాన్ని పట్టి ఉంచినంతసేపు భయం లేదు. అల్బుమిన్ చేతులు నిండిపోయాక విడిగా మిగిలినది మెదడులోకి జారుతుంది.

ఇందుకు 1956లో న్యూయార్క్‌లో ఒక విషాద నిదర్శనం కనిపించింది. నెలలు నిండని పిల్లలకు ఇన్ఫెక్షన్ రాకుండా ఇచ్చిన మందుల్లో ఒక సల్ఫా మందు ఉంది. అది అల్బుమిన్ మీద బిలిరుబిన్ కూర్చున్న చోటును లాక్కుంది. ఆ మందు తీసుకున్న గుంపులో ఎక్కువమంది చనిపోయారు, చాలామంది మెదడుల్లో పసుపు మరక తేలింది. పసిబిడ్డ ఒళ్ళు పచ్చబడితే పొద్దుటి ఎండలో పెట్టి ఎదురుచూడకండి. రక్తపరీక్ష చేయించి, అవసరమైతే ఆసుపత్రిలో నీలి లైటు కింద పెట్టించండి.

అపోహ: ఇంత కాపలా ఉంటే మెదడుకు ఇన్ఫెక్షన్ సోకదు.

వాస్తవం: దొంగలకు దారులు వేరు. కొన్ని బ్యాక్టీరియాలు నాళిక కణాల్లోంచే దూరి మెనింజైటిస్ తెస్తాయి. మెదడు మలేరియాలో పరాన్నజీవి లోపలికే పోదు. అది సోకిన ఎర్రకణాలు నాళికల గోడలకు అతుక్కుని, బయటే ఉండి లోపల చీకటి చేస్తాయి. రేబిస్ వైరస్ రక్తం దారే పట్టదు, కాటు పడ్డ చోట నరం పట్టుకుని పైకి పాకుతుంది. మెదడు చేరాక మన రక్తంలోని యాంటీబాడీలకు లోపలికి దారి దొరకడం కష్టం. అందుకే కుక్క కరిచిన వెంటనే పావుగంట సేపు సబ్బు నీళ్ళతో కడగడం, ఆ రోజే టీకా మొదలుపెట్టడం అంత ముఖ్యం.

చికిత్సలోనూ ఈ గడప లెక్క ఉంటుంది. మెదడు క్షయలో ఐసోనియజిడ్, పైరజినమైడ్ బాగా లోపలికి పోతాయి, స్ట్రెప్టోమైసిన్ అంతగా పోదు. మెనింజైటిస్‌లో వాపు ఉన్నప్పుడు పెన్సిలిన్ జాతి మందులు సులువుగా దూరతాయి, వాపు తగ్గేకొద్దీ తక్కువ దూరతాయి. రోగి తేరుకున్నాడు కదా అని డాక్టరు మోతాదు తగ్గించకపోవడానికి కారణం ఇదే.

అపోహ: గడప తెరిచేస్తే మెదడు జబ్బులన్నీ నయమవుతాయి.

వాస్తవం: తెరవడం కాదు కష్టం, మళ్ళీ మూయడం, మూసేలోగా ఎవరు దూరారో చూసుకోవడం కష్టం. పక్షవాతం వచ్చినప్పుడు, తలకు గట్టి దెబ్బ తగిలినప్పుడు, కొన్ని రకాల కణితుల్లో ఇది తనంతట తానే లీకవుతుంది. కాంట్రాస్ట్ ఎమ్మారైలో సూదిమందు ఇచ్చాక అలాంటి చోటు తెల్లగా వెలగడానికి కారణం ఆ లీకే. బాగున్న మెదడు కణజాలంలోకి ఆ మందు దిగదు. లీకు ఎంత నష్టమో ఆ రోగులను చూసిన డాక్టర్లకు తెలుసు.

అయినా పరిశోధన ఆగలేదు. మానిటాల్ ద్రావణంతో కణాలను కాసేపు ముడుచుకునేలా చేసి సందు తెరవడం 1970ల నుంచీ ఉంది. రక్తంలోకి అతిచిన్న బుడగలు ఎక్కించి, పుర్రె మీదుగా అల్ట్రాసౌండ్ తరంగాలను ఒక్క చోట కేంద్రీకరిస్తే, ఆ బుడగలు కంపించి అక్కడి అతుకులు మాత్రమే వదులవుతాయి. సుమారు ఒక రోజులో మళ్ళీ మూసుకుంటాయి. 2015లో టొరంటోలో మెదడు కణితి ఉన్న రోగి మీద దీన్ని ప్రయత్నించారు. ఇది ఇంకా పరీక్షల దశలోనే ఉంది.

మూడో దారి గడప ఒప్పుకునే మనిషి వెంట లోపలికి వెళ్ళడం. మెదడుకు ఇనుము చేర్చే ట్రాన్స్‌ఫెరిన్ రిసెప్టర్‌ను పట్టుకునే యాంటీబాడీకి ఎంజైమును అతికించి చేసిన మందుకు 2021లో జపాన్ అనుమతిచ్చింది. హంటర్ సిండ్రోమ్ అనే అరుదైన జబ్బున్న పిల్లల కోసం చేసిన మందది. ఎర్లిష్ రంగునీళ్ళ నుంచి ఇక్కడిదాకా రావడానికి 136 ఏళ్ళు పట్టింది.

కాబట్టి జ్ఞాపకశక్తి పెంచే పొడి, మెదడుకు డోపమిన్ అందించే గుళిక అంటూ ఎవరైనా డబ్బా ముందు పెడితే రెండు ప్రశ్నలు అడగండి: "ఇందులో ఉన్నది మెదడులోకి పోతుందా? మనుషుల మీద పరీక్షించి చూపించారా?" జవాబు రాకపోతే డబ్బు జేబులోనే ఉంచుకోండి. మూర్ఛకో పార్కిన్సన్‌కో డాక్టరు రాసిన మాత్రను మాత్రం చెప్పిన వేళకు వేసుకోండి. గడప దాటుతుందని పరీక్షల్లో రుజువైన మందు అది.