క్షయ చర్మపరీక్ష – తల్లిదండ్రులకు కొన్ని సంగతులు

ముంజేతికి సూది వేయించిన మూడవనాడు బిడ్డ చేయి గట్టిపడినచో, బడి మాన్పింపవలెనా యని తల్లులు మమ్ము కలవరముతో అడుగుచుందురు. ఆ గట్టిదనము క్షయరోగము కాదు. క్షయక్రిమి ఎప్పుడో శరీరమున ప్రవేశించి అణగియుండవచ్చునని తెలుపు సూచన మాత్రమే. అణగియున్న క్రిమి ఇతరులకు అంటదు. అట్టివారిలో నూటికి అయిదు మొదలు పదిమందికి జీవితకాలమున రోగము బయటపడును. పసివారికి ఆ భయము హెచ్చు. కావుననే వైద్యుడు ఛాతీ ఫోటో తీయించి, రోగము లేదని తేల్చుకొనిన పిమ్మట నివారణకు మందు ఇచ్చును. అప్పుడు బడి మాన్పింప పనిలేదు.

రాబర్ట్ కాక్ 1890లో ట్యూబర్క్యులిన్‌ను చికిత్సగా ప్రకటించెను, అది ఫలింపలేదు. 1907లో ఆస్ట్రియా వైద్యుడు పిర్కే దానినే చర్మపరీక్షకు ఉపయోగించెను. చర్మపు పొరలోనికి సూదితో ఎక్కించు నేటి పద్ధతి 1908లో ఫ్రాన్సు వైద్యుడు మాంటూ చూపినది.

ఇది ఎంత నమ్మదగినది? దాగిన క్రిమిని కంట చూచి సరిచూచుకొను మార్గము లేదు. అందుచే శాస్త్రజ్ఞులు చుట్టుదారి పట్టిరి. రోగము రుజువైనవారిలో ఎందరికి చేయి గట్టిపడినది? క్షయ అరుదైన చోట పెరిగినవారిలో ఎందరికి గట్టిపడలేదు? రోగి ప్రక్కన పరుండువారికిని, అప్పుడప్పుడు పలుకరించి పోవువారికిని భేదమున్నదా? ఈ మూడింటిని బట్టియే పరీక్షకు విలువ కట్టుదురు.

పాత పరీక్ష ఇక్కడనే తడబడినది. బి.సి.జి. టీకా వలనను, నేలలో నీటిలో నుండు క్షయక్రిమి బంధువుల వలనను చేయి గట్టిపడవచ్చును. మనముండు ఈ తమిళనాటనే, చెంగల్పట్టు జిల్లాలో 1968లో ఆరంభమైన బి.సి.జి. పరిశోధనలో ఈ రెండవ చిక్కు విస్తారముగా కనబడెను. బి.సి.జి. క్రిమి కలిగింపని రెండు ప్రోటీనులతో ఇప్పుడు క్రొత్త చర్మపరీక్షలు వచ్చినవి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వానిని ఆమోదించినది. పుట్టగానే టీకా పొందిన మన పిల్లలకు అవి మేలైనవి. అయినను రోగమేదో, అణగిన క్రిమి యేదో అవియు చెప్పజాలవు.

చేయి నునుపుగా నున్నంత మాత్రమున నిశ్చింత లేదు. పోషణ చాలని బిడ్డకు, ఇటీవల తట్టు పోసిన బిడ్డకు, రోగిని కలిసి ఎనిమిది వారములు నిండనివారికి పరీక్ష మౌనము వహింపవచ్చును.

సూది వేసిన 48 నుండి 72 గంటలలో చేయి చూపవలెను. కొలుచునది ఎరుపును కాదు, వ్రేలికి తగులు గట్టిదనమును. పాత పరీక్షలో సామాన్యముగా 10 మిల్లీమీటర్లు హద్దు. ఇంట రోగి ఉన్నాడని దాచక చెప్పినచో, వైద్యుడు 5 మిల్లీమీటర్లను సైతము లెక్కలోనికి తీసికొనవచ్చును.