కంపైలర్‌కీ బగ్‌లుంటాయి!

ప్రోగ్రాం తప్పు జవాబిస్తే మనం మన కోడ్‌నే అనుమానిస్తాం. చాలాసార్లు తప్పు అక్కడే ఉంటుంది. కానీ కంపైలర్ కూడా ప్రోగ్రామే కదా! 1987లో రిచర్డ్ స్టాల్‌మన్ విడుదల చేసిన జీసీసీలో ఈనాటికీ బగ్‌లు సరిచేస్తూనే ఉన్నారు. యూటా యూనివర్సిటీ పరిశోధకులు సీస్మిత్ అనే టూల్‌తో ఇష్టమొచ్చినట్టు సీ ప్రోగ్రాములు పుట్టించారు. ఒకే ప్రోగ్రాంని వేర్వేరు కంపైలర్లకిచ్చి జవాబులు పోల్చారు. అలా మూడేళ్లలో 325కి పైగా బగ్‌లు పట్టుకున్నామని 2011లో ప్రకటించారు.

నాకు బాగా నచ్చింది ఆ తర్వాతి పని. బగ్ కనిపించిన పెద్ద ప్రోగ్రాంని, ఆ బగ్ పోకుండా, కొద్ది లైన్లకు కుదిస్తారు. సరిచేశాక ఆ ముక్కని పారేయకుండా టెస్టుల్లో కలిపేస్తారు. రేపెవరైనా కంపైలర్ వేగం పెంచబోయి పాత బగ్‌ని మళ్లీ తెస్తే, ఆ టెస్టే పట్టిస్తుంది. కంపైలర్ రాయడం రాకపోయినా, ఇలా కోడ్ కుదించి పంపడం మనమూ చేయగలం.