ఒకే కిలో, రెండు లెక్కలు

గ్రాముకు 100 కోట్ల బతికున్న బ్యాక్టీరియా ఉన్నాయని లేబుల్ మీద రాసిన ప్రోబయోటిక్ పొడి ఒక కిలో తీసుకుందాం. కిలోలో మొత్తం లక్ష కోట్లు. మీటరున్నర లోతున్న ఎకరం చెరువులో దాన్ని చల్లితే? అందులో నీళ్లు దాదాపు 61 లక్షల లీటర్లు. పంచి చూస్తే మిల్లీలీటరుకు 165 దగ్గర తేలుతుంది. ఆ నీళ్లలో అప్పటికే మిల్లీలీటరుకు పది లక్షల స్థాయిలో రకరకాల బ్యాక్టీరియా ఉంటాయి. అదే కిలోను 100 కిలోల మేతకు పట్టిస్తే గ్రాము మేతకు కోటి అందుతుంది.

నీళ్లలో చల్లే రకాలు చెరువు అడుగున చేరిన వ్యర్థాల కోసం. చేపకు రోగనిరోధక శక్తి పెరగాలంటే మాత్రం బ్యాక్టీరియా పేగులోకి చేరాలి. చేపకు మనలా ఎముక మజ్జలో రక్తకణాలు తయారుకావు, లింఫు గ్రంథులూ లేవు. తల దగ్గరి మూత్రపిండం, ప్లీహం, థైమస్‌తో పాటు పేగు గోడ కూడా కాపలా కాస్తుంది. యాంటీబాడీలు తయారుకావడానికి వారాలు పడుతుంది కాబట్టి, జిగురులోని లైసోజైమ్, క్రిములను మింగే కణాలే ముందు ఎదురు నిలుస్తాయి. మేతతో వెళ్లిన మంచి బ్యాక్టీరియా ఈ తొలి కాపలాను చురుకుగా ఉంచుతుంది, చెడ్డవాటికి చోటూ తిండీ దక్కకుండా చేస్తుంది.

మోతాదు ఎంత అన్నదానికి నేను అందరికీ చెప్పే ప్రయోగం ఒకటుంది. ఫిన్లాండ్ పరిశోధకులు 2001లో ప్రచురించారు. రెయిన్‌బో ట్రౌట్ చేపలకు ల్యాక్టోబాసిల్లస్ ర్యామ్నోసస్ కలిపిన మేత పెట్టి, 16 రోజుల తర్వాత ఫ్యూరంక్యులోసిస్ అనే పుండ్ల జబ్బు కలిగించే క్రిమికి గురిచేశారు. మామూలు మేత తిన్నవాటిలో 52.6 శాతం చనిపోయాయి. గ్రాము మేతకు 100 కోట్లు తిన్నవాటిలో 18.9 శాతమే. మరి గ్రాముకు లక్ష కోట్లు, అంటే వెయ్యి రెట్లు ఎక్కువ తిన్నవాటిలో? 46.3 శాతం! దాదాపు ఏమీ ఇవ్వనట్టే. రెట్టింపు వేస్తే రెట్టింపు ఫలితం అనుకునే ప్రతి రైతూ ఈ మూడు అంకెలు చూడాలి.

మన శీలావతి (రోహు) మీదా బాసిల్లస్ సబ్టిలిస్‌తో ప్రయోగాలు జరిగాయి. గ్రాము మేతకు కోటి, కోటిన్నర స్థాయిలో ఇచ్చి ఏరోమోనాస్ హైడ్రోఫిలా అనే జబ్బు క్రిమికి గురిచేస్తే ఎక్కువ చేపలు బతికాయి. బాసిల్లస్‌కు ఇంకో మేలు ఉంది: సిద్ధబీజాల రూపంలో వేడిని తట్టుకుంటుంది. ల్యాక్టోబాసిల్లస్ మేత తయారీలోని వేడికి చచ్చిపోతుంది, అందుకే గుళికలు చల్లారాక నూనెతో పూత పట్టించాలి. తవుడు, చెక్క నింపి చిల్లులు పెట్టి కట్టే సంచుల్లో పొడిని ఊరికే కలిపితే, చేప నోటికి అందకముందే చాలాభాగం నీటిపాలు.

యాంటీబయోటిక్ వేస్తూ ప్రోబయోటిక్ కలపడం శుద్ధ దండగ. ఏది మంచి బ్యాక్టీరియా, ఏది చెడ్డది అన్న తేడా మందుకు తెలియదు. చేపపేనుకూ ప్రోబయోటిక్ పనిచేయదు.

మేతతో ఇచ్చినన్నాళ్లే ప్రోబయోటిక్ చేపలో ఉంటుందన్నది కూడా అదే ఫిన్లాండ్ బృందం తర్వాత చూపింది: మామూలు మేతకు మార్చిన వారంలోపే ఆ బ్యాక్టీరియా ట్రౌట్ పేగుల్లోంచి, జిగురులోంచి, తొట్టి నీళ్లలోంచి మాయమైంది. చలికాలంలో జబ్బులు ముసిరే చెరువైతే అక్టోబరులోనే మేతకు పట్టించడం మొదలుపెట్టి, ఆ కాలం దాటేదాకా ఆపకుండా ఇవ్వాలి. పొడి కొనేముందే అన్ని రోజుల మేతకూ ఖర్చు లెక్క వేసుకోండి.