వర్చువల్ మెషిన్ల మెమరీ లెక్కలలో తేడాలు ఎందుకు?

ప్రభుత్వ శాఖల ఆన్‌లైన్ సేవలు అనేకం నేడు వర్చువల్ మెషిన్లపై నడుస్తున్నవి. ఒక సర్వర్‌ను పలు యంత్రాలుగా విభజించి ఇచ్చే సాఫ్ట్‌వేర్‌ను హైపర్‌వైజర్ అంటారు. ఇందులో ఒక యంత్రం ఎంత మెమరీ వాడుతున్నదన్న ప్రశ్నకు ఒక్కో చోట ఒక్కో సమాధానం లభించడం పరిపాటి.

ఉదాహరణకు, 16 గిగాబైట్లు కేటాయించిన లినక్స్ యంత్రం లోపల చూస్తే 6 గిగాబైట్లు వాడుకలో ఉన్నట్లు కనిపించవచ్చు. అదే సమయంలో వీఎంవేర్ పర్యవేక్షణ తెరపై 'కన్‌స్యూమ్డ్' 15గా, 'యాక్టివ్' 2గా ఉండవచ్చు. 15 చూసినవారు అదనపు మెమరీ కొనుగోలుకు ప్రతిపాదన పంపుతారు. 2 చూసినవారు కేటాయింపులో కోత విధించాలంటారు. నిజానికి ఈ మూడు అంకెలలో ఏదీ తప్పు కాదు.

రెవెన్యూ రికార్డులు ఎరిగినవారికి ఇది కొత్త విషయమేమీ కాదు. పట్టాలోని విస్తీర్ణం వేరు, ఆ ఏడు సాగైన విస్తీర్ణం వేరు. లోపలి యంత్రం ఒక మెమరీ పేజీని తొలిసారి తాకినప్పుడు హైపర్‌వైజర్ దానికి అసలు మెమరీని సమకూరుస్తుంది. పని ముగిశాక యంత్రం ఆ పేజీని ఖాళీగా తన పుస్తకంలోనే రాసుకుంటుంది. ఆ సంగతి సాధారణంగా హైపర్‌వైజర్‌కు చేరదు. అందువలన ఒకసారి పెరిగిన 'కన్‌స్యూమ్డ్' అంకె అంత తేలికగా తగ్గదు.

'యాక్టివ్' అన్నది అంచనా మాత్రమే. దిగుబడి అంచనాకు యాదృచ్ఛికంగా ఎంచిన మళ్లలో పంటకోత ప్రయోగాలు జరిపినట్లే, హైపర్‌వైజర్ కొన్ని పేజీలను ఎంచి ఇటీవల వాటిని ఎవరైనా తాకారా అని చూస్తుంది. ఈ పద్ధతిని వివరిస్తూ కార్ల్ వాల్డ్‌స్పర్జర్ 2002లో ప్రచురించిన పత్రం ప్రకారం, ప్రతి 30 సెకన్లకు 100 పేజీలు పరీక్షించేవారు. చిక్కంతా ఇక్కడే ఉన్నది. డేటాబేస్ తన సమాచారాన్ని మెమరీలో దాచి ఉంచుకుంటుంది. ఆ కొద్ది వ్యవధిలో తాకని పేజీలు ఈ లెక్కలోకి రావు. అవి అనవసరమని భావించి కోత విధిస్తే ప్రతి వివరాన్ని డిస్కు నుండి తేవలసి వచ్చి, దరఖాస్తుదారు తెర ముందు వేచి ఉండవలసి వస్తుంది.

లోపలి లెక్కలోనూ మెలికలు లేకపోలేదు. లినక్స్ ఖాళీ మెమరీని ఫైళ్ల నిల్వకు వాడుకుంటుంది, కనుక 'ఫ్రీ' అంకె స్వల్పంగా ఉన్నంత మాత్రాన కొరత ఉన్నట్లు కాదు. ఈ కారణంగానే 2014లో విడుదలైన 3.14 కెర్నల్‌లో 'అవైలబుల్' అనే అంచనాను చేర్చారు. సర్వర్‌లో మెమరీ కొరత ఏర్పడితే హైపర్‌వైజర్ 'బెలూన్' డ్రైవర్ ద్వారా యంత్రాల నుండి కొంత వెనక్కు తీసుకుంటుంది. అప్పుడు ఏ ప్రోగ్రామూ పెరగకుండానే లోపల వాడకం పెరిగినట్లు కనిపిస్తుంది.

కాబట్టి కేటాయింపు నిర్ణయాలకు లోపలి 'అవైలబుల్', స్వాప్ వివరాలను, డేటాబేస్ సొంత గణాంకాలను ముందుగా పరిశీలించడం ఉచితం. సర్వర్ స్థాయి కొరతకు బెలూన్, హైపర్‌వైజర్ స్వాప్ అంకెలు చూడాలి. మెమరీ వృథా అవుతున్నదని వార్త రాసేటప్పుడు ఆ అంకె ఏ తెరపైది, ఏ గడిలోనిది అన్నది పేర్కొనడం అవసరం.