టీ-హబ్‌కి వెళ్తున్నామంటున్న పిల్లలు అక్కడ ఏం చేస్తున్నారు?

మన ఇళ్లల్లో ఈ మధ్య ఒక కొత్త జవాబు వినిపిస్తోంది. ఇంజినీరింగ్ అయిపోయిన అబ్బాయి పొద్దున్నే బ్యాగు తగిలించుకుని బయల్దేరతాడు. ఎక్కడికి బేటా అంటే ‘టీ-హబ్‌కి’ అంటాడు. జాబా అంటే కాదు. కోచింగా అంటే అదీ కాదు. జీతం ఎంత అంటే నవ్వేస్తాడు. అమ్మీకి అర్థం కాదు, అబ్బాకి భయం. రిష్తా మాట్లాడటానికి వచ్చినవాళ్లకి అబ్బాయి ఏం చేస్తాడని చెప్పాలో ఇద్దరికీ తెలియదు.

అందుకే ఈ వ్యాసం. హైదరాబాద్‌లో ఈ స్టార్టప్‌ల లోకం ఎలా తయారైంది, ఎవరున్నారు, అక్కడి కార్యక్రమాల్లో ఏం జరుగుతుంది అన్నది ముందు చూద్దాం. ఆ తర్వాత మీ దగ్గరికి సంతకం కోసం కాగితం వస్తే ఏం చూసుకోవాలో చెప్తాను. ఆ భాగమే కాస్త ఎక్కువ ఉంటుంది, ఎందుకంటే ఇళ్లల్లో నష్టం జరిగేది అక్కడే.

దుకాణానికీ దీనికీ తేడా

మదీనా దగ్గర బట్టల దుకాణం పెడితే అద్దె, సరుకు, జీతాలు పోను ఆర్నెల్లలో లాభమో నష్టమో తెలిసిపోతుంది. అది మంచి వ్యాపారమే, కానీ స్టార్టప్ కాదు. స్టార్టప్‌లో ముందు ఒక వస్తువునో సాఫ్ట్‌వేర్‌నో తయారు చేయడానికే ఏడాదో రెండేళ్లో పోతుంది. అప్పటిదాకా ఆదాయం ఉండదు. కానీ అది కుదిరితే, పది మందికి అమ్మినా పది లక్షల మందికి అమ్మినా ఖర్చు పెద్దగా పెరగదు. ఆ ఆశ మీదే బయటివాళ్లు డబ్బు పెడతారు.

మనకు బాగా తెలిసిన ఉదాహరణ రెడ్‌బస్. 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి రావడానికి బస్సు టికెట్ దొరక్క ఇబ్బంది పడిన తెలుగు ఇంజినీరు ఫణీంద్ర సామ. ఇద్దరు స్నేహితులతో కలిసి 2006లో ఆన్‌లైన్ టికెట్ల కంపెనీ పెట్టారు. 2013లో దాన్ని ఐబిబో గ్రూప్ కొనేసింది. తర్వాత ఆయనే తెలంగాణ ప్రభుత్వానికి చీఫ్ ఇన్నోవేషన్ ఆఫీసర్‌గా కూడా పనిచేశారు. గమనించాల్సింది ఒకటి ఉంది: మన తెలుగు కుర్రాళ్లు ఆ కంపెనీని బెంగళూరులో పెట్టారు, ఇక్కడ కాదు. అప్పట్లో ఇక్కడ ఉద్యోగాలు ఉండేవి. కంపెనీ పెట్టేవాడికి చేయూత మాత్రం తక్కువ.

ఆ బిల్డింగుల్లో ఏముంది

గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో 2008 నుంచే విద్యార్థుల కంపెనీలకి ఒక కేంద్రం ఉంది. ఊరంతా తెలిసింది మాత్రం 2015 నవంబర్ 5న, అదే క్యాంపస్‌లో రతన్ టాటా చేతుల మీదుగా టీ-హబ్ మొదలైనప్పుడు. రాయదుర్గం నాలెడ్జ్ సిటీలో ఇప్పుడు కనిపించే పెద్ద భవనం 2022 జూన్ 28న తెరిచారు. సుమారు 400 కోట్ల ఖర్చు, ఐదున్నర లక్షల చదరపు అడుగులకు పైనే.

టీ-హబ్ కంపెనీ కాదు, కాలేజీ కాదు. ఇన్‌క్యుబేటర్. కోడిపిల్లలు బయటికి వచ్చేదాకా గుడ్లను వెచ్చగా ఉంచే యంత్రానిది కూడా ఇదే పేరు, పని కూడా దాదాపు అంతే. కూర్చోడానికి చోటు, సలహా చెప్పేవాళ్లు, పెట్టుబడిదారులతో పరిచయాలు ఇస్తారు. జీతం ఇవ్వరు. కొన్ని చోట్ల కుర్చీకి అద్దె కూడా తీసుకుంటారు.

దాని పక్కనే టీ-వర్క్స్ ఉంది. 2023 మార్చిలో ఫాక్స్‌కాన్ ఛైర్మన్ యంగ్ ల్యూ ప్రారంభించారు. యాప్‌లు కాకుండా చేత్తో పట్టుకునే వస్తువు తయారు చేసేవాళ్ల కోసం అది. మెషీన్లు, త్రీడీ ప్రింటర్లు అక్కడ ఉంటాయి, మొదటి నమూనా అక్కడే చేసుకోవచ్చు. చేతిపని తెలిసిన పిల్లలు మన బస్తీల్లో ఎంతమందో. వాళ్లకి టీ-హబ్ కంటే ఇదే ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం.

ఆడపిల్లల కోసం వీ-హబ్. 2017 నవంబర్‌లో హైదరాబాద్‌లో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు జరిగింది. ఇవాంకా ట్రంప్ వచ్చారని అందరికీ గుర్తుండేది అదే. ఆ సదస్సులో ముఖ్యాంశం మహిళలే. తర్వాత 2018 మార్చి 8న రాష్ట్ర ప్రభుత్వం వీ-హబ్ పెట్టింది. పూర్తిగా మహిళల కోసమే రాష్ట్ర ప్రభుత్వం నడిపే ఇలాంటి సంస్థ దేశంలో ఇదే మొదటిది. టెక్నాలజీ ఒక్కటే కాదు, ఇంట్లో వంటతోనో కుట్టుతోనో మొదలైన వ్యాపారం ఉన్నవాళ్లు కూడా అడగొచ్చు.

ఆంధ్ర వైపు చదివేవాళ్లకి: మంగళగిరిలో రతన్ టాటా పేరుతో 2025 ఆగస్టులో ఇలాంటి ఇన్నోవేషన్ హబ్ మొదలైంది. విశాఖ, రాజమండ్రి, విజయవాడ, తిరుపతి, అనంతపురంలో దానికి శాఖలు.

ఇక్కడి నుంచి ఏం బయటికొచ్చింది అంటే, ముందు స్కైరూట్ పేరు చెప్పాలి. ఇస్రోలో ఉద్యోగం వదిలేసిన పవన్ కుమార్ చందన, నాగభరత్ డాకా 2018లో హైదరాబాద్‌లో పెట్టిన కంపెనీ. సర్కారీ నౌక్రీ, అదీ ఇస్రోలో! ఆ రోజు వాళ్లిళ్లల్లో ఏం మాటలు నడిచాయో ఊహించుకోవచ్చు. 2022 నవంబర్ 18న శ్రీహరికోట నుంచి వాళ్ల విక్రమ్-ఎస్ ఎగిరింది, 89 కిలోమీటర్ల పైకి వెళ్లింది. ఒక భారతీయ ప్రైవేటు కంపెనీ రాకెట్ ఎగరడం అదే మొదటిసారి. అదే నెల 26న ధ్రువ స్పేస్ అనే మరో హైదరాబాద్ కంపెనీ తయారు చేసిన రెండు చిన్న ఉపగ్రహాలు ఇస్రో పీఎస్‌ఎల్‌వీలో వెళ్లాయి. కంపెనీల హెచ్‌ఆర్ పనులకు సాఫ్ట్‌వేర్ చేసే డార్విన్‌బాక్స్ కూడా ఇక్కడిదే. 2015లో పెట్టారు, 2022 జనవరికి విలువ వంద కోట్ల డాలర్లు దాటింది. ఇవి గెలిచినవాళ్ల పేర్లు. ఎక్కువ కంపెనీలు కొన్నేళ్లలో మూతపడతాయి. వాటి పేర్లు ఏ పేపర్లోనూ రావు.

శనివారం మీటింగులు, డెమో డేలు

హ్యాకథాన్ అంటే ఒకటి రెండు రోజులు కూర్చుని ఒక సమస్యకి సాఫ్ట్‌వేర్ తయారు చేసే పోటీ. రాత్రంతా జరుగుతుంది కాబట్టి పిల్లలు ఇంటికి రారు, కంగారు పడకండి. పిచ్ అంటే ఐదు పది నిమిషాల్లో మన ఆలోచన చెప్పి, పెట్టుబడిదారుడి ప్రశ్నలకి జవాబివ్వడం. డెమో డే అంటే ఇన్‌క్యుబేటర్‌లోని కంపెనీలన్నీ ఒకే రోజు పిచ్ చేయడం. ఇవి కాక హెడ్‌స్టార్ట్ సంస్థ నడిపే స్టార్టప్ సాటర్డే, టై హైదరాబాద్ చాప్టర్ మీటింగులు ఉన్నాయి. బంజారాహిల్స్‌లో 2010 నుంచి నడుస్తున్న లామకాన్‌లో కవిత్వం, నాటకాలతో పాటు టెక్ మీటప్‌లు కూడా జరుగుతుంటాయి. లామకాన్ అంటే ఇల్లు లేనిది అని మనవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. అక్కడ చాయ్ తాగుతూ వినడానికి కంపెనీ ఉండాల్సిన పని లేదు.

వేలకు వేలు ఫీజు తీసుకుని ‘ఇన్వెస్టర్ ముందు నిలబెడతాం’ అనే ప్రోగ్రాములు కూడా వస్తున్నాయి. పెట్టుబడి పెట్టేవాడు డబ్బు ఇస్తాడు కానీ అడగడు. ఫీజు అడిగారంటే అక్కడ మీ అబ్బాయి కస్టమర్.

‘అమ్మీ, ఓటీపీ చెప్పు’

ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టాలంటే కనీసం ఇద్దరు డైరెక్టర్లు, ఇద్దరు వాటాదారులు కావాలి. అబ్బాయి ఒక్కడే ఉంటే రెండో పేరు ఎవరిది? చాలా ఇళ్లల్లో అమ్మీదో అబ్బాదో. డిజిటల్ సంతకం కోసం ఫోన్‌కి ఓటీపీ వస్తుంది, వీడియోలో పేరు చెప్పించుకుంటారు, అయిపోయింది. అమ్మీ ఇప్పుడు కంపెనీ డైరెక్టర్. ఆ సంగతి ఆమెకే సరిగ్గా తెలియదు.

చట్టం ముందు ‘పేరుకే డైరెక్టర్’ అంటూ ఎవరూ లేరు. ఒక్క రూపాయి అమ్మకం లేకపోయినా కంపెనీకి ప్రతి ఏడాది ఆడిట్ చేయించాలి, కంపెనీల రిజిస్ట్రార్‌కి లెక్కల ఫారం ఒకటి, వార్షిక రిటర్న్ ఒకటి వేయాలి. ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకి 100 రూపాయలు. గరిష్ఠ పరిమితి లేదు. ఏడాది మర్చిపోతే ఫారానికి 36,500, రెండింటికీ కలిపి 73,000. వరసగా మూడేళ్లు వేయకపోతే డైరెక్టర్లందరూ అనర్హులవుతారు, ఐదేళ్లపాటు వేరే ఏ కంపెనీలోనూ డైరెక్టర్ కాలేరు. అబ్బాకి వేరే కంపెనీ ఉంటే ఆ దెబ్బ దానికీ తగులుతుంది.

స్టార్టప్ ఆగిపోయినప్పుడు పిల్లలు చేసే పెద్ద తప్పు దాన్ని అలాగే వదిలేసి ఉద్యోగంలో చేరిపోవడం. కంపెనీ తనంతట తాను చచ్చిపోదు. బాకీలన్నీ తీర్చి, మూసివేతకి దరఖాస్తు పెట్టాలి. ప్రభుత్వ ఫీజు 10,000, సీఏ ఖర్చు వేరే. మొదటి రోజే ఈ డబ్బు పక్కన పెట్టమని చెప్పండి.

బ్యాంకు లోనుకి వ్యక్తిగత హామీ అడిగితే ఇంకా జాగ్రత్త. ‘లిమిటెడ్’ అంటే నష్టం కంపెనీ వరకే అని అర్థం. హామీ కాగితం మీద సంతకం పడ్డాక ఆ గోడ ఉండదు, ఇల్లు కూడా లెక్కలోకి వస్తుంది.

ఇక స్నేహితుల సంగతి. ఇద్దరు క్లాస్‌మేట్లు చెరి సగం అని నోటిమాటతో మొదలుపెడతారు. ఆర్నెల్లకి ఒకడికి దుబాయ్‌లో జాబ్ వస్తుంది, వెళ్లిపోతాడు. ఉన్నవాడు నాలుగేళ్లు మెహనత్ చేస్తాడు, సగం వాటా మాత్రం దుబాయ్‌లో ఉన్నవాడిదే. దీనికి మందు ఉంది: వాటా ఒకేసారి కాకుండా నాలుగేళ్లలో కొంచెం కొంచెం సొంతమయ్యేలా, ఏడాదిలోపు వెళ్లిపోతే ఏమీ రాకుండా ఒప్పందం రాసుకోవడం. దోస్తుల మధ్య కాగితమేంటి అని మొహమాట పడతారు. లావాదేవీ రాసి పెట్టుకోమని మన దీన్‌లోనే ఉంది కదా, మొహమాటం దేనికి?

పేపర్లో కోట్లు, జేబులో ఎంత?

కంపెనీ విలువ 4 కోట్లు అని ఒప్పుకుని ఒకాయన కోటి పెట్టాడనుకుందాం. ఇప్పుడు విలువ 5 కోట్లు, ఆయన వాటా 20 శాతం, ఇద్దరు స్నేహితులకి చెరి 40. పేపర్లో ‘5 కోట్ల కంపెనీ’ అని వస్తుంది, చుట్టాలు అప్పు అడగడానికి వస్తారు. నిజంగా ఉన్నది బ్యాంకులో ఒక కోటి, అదీ కంపెనీది. మీ అబ్బాయి చేతికి వచ్చేది అందులోంచి తీసుకునే జీతమే. పైగా ఒప్పందంలో సాధారణంగా ఒక షరతు ఉంటుంది: కంపెనీ అమ్మితే పెట్టుబడిదారుడి డబ్బు ముందు తిరిగి ఇవ్వాలి. కోటికే అమ్ముడుపోతే మొత్తం ఆయనకే, స్థాపకులకి సున్నా.

వడ్డీకి దూరంగా ఉండే కుటుంబాలు నన్ను అడిగే ప్రశ్న ఇది: ఈ డబ్బు వడ్డీదా? వాటా తీసుకుని పెట్టిన డబ్బులో వడ్డీ లేదు, లాభనష్టాల్లో భాగం. మన పెద్దలు షిర్కత్ అనేదానికి దగ్గరగా ఉంటుంది. కానీ చాలా ఒప్పందాల్లో ఉండేవి ప్రిఫరెన్స్ షేర్లు, కన్వర్టిబుల్ నోట్లు. వీటిలో ఎక్కడో ఒక శాతం రాసి ఉంటుంది. కేంద్రం 2021లో తెచ్చిన స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్‌లో కూడా రెండు రకాలు. నమూనా తయారీకి 20 లక్షల దాకా గ్రాంటు, అది తిరిగి ఇవ్వక్కర్లేదు. మార్కెట్‌లోకి వెళ్లడానికి 50 లక్షల దాకా ఇచ్చేది అప్పు రూపంలో, దానికి రెపో రేటు మించకుండా వడ్డీ ఉంటుంది. ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో ఇన్‌క్యుబేటర్‌ని అడగండి. ఏది జాయిజ్ అని చెప్పడం నా పని కాదు. ఆలిమ్ దగ్గరికి వెళ్తే ఒప్పందం కాగితం వెంట తీసుకెళ్లండి, ఊరికే ‘స్టార్టప్ ఫండింగ్’ అంటే ఆయన మాత్రం ఏం చెప్తారు?

ఇంకో మాట. కేంద్రం స్టార్టప్ గుర్తింపు కావాలంటే సొంత పేరు మీద నడిచే ప్రొప్రయిటర్ దుకాణం సరిపోదు. రిజిస్టర్ చేసిన పార్ట్‌నర్‌షిప్, ఎల్ఎల్‌పీ, ప్రైవేట్ లిమిటెడ్ లాంటిది ఉండాలి. ఆ గుర్తింపుకి ప్రభుత్వ ఫీజు ఏమీ లేదు.

స్టార్టప్‌లో ఉద్యోగం వస్తే

కంపెనీ పెట్టేవాళ్లకంటే వాటిలో జాబ్ చేసేవాళ్లే ఎక్కువ. ఆఫర్ లెటర్‌లో 24 లక్షలు అని ఉంటుంది, అందులో 8 లక్షలు ఈసాప్. అంటే చేతికి వచ్చేది 16 లక్షల లెక్కే. మిగతా 8 లక్షలు, కంపెనీ షేర్లు ముందే చెప్పిన ధరకి కొనుక్కునే హక్కు మాత్రమే. మామూలుగా మొదటి ఏడాది పూర్తయ్యాకే కొంత సొంతమవుతుంది. పదకొండో నెలలో మానేస్తే ఏమీ రాదు.

పన్ను ఇంకా విచిత్రం. 10 రూపాయలకి కొనే హక్కు ఉన్న 1,000 షేర్లు తీసుకున్నారు, ఆ రోజు షేరు విలువ 500 అని లెక్క తేలింది. తేడా 4,90,000 మీ జీతంలో కలుస్తుంది, దానికి పన్ను కట్టాలి. షేర్లు అమ్ముకునే మార్కెట్ మాత్రం లేదు. కొన్ని అర్హత ఉన్న స్టార్టప్‌లకే ఈ పన్ను వాయిదా వేసే వీలుంది.

అలాగని ఈసాప్ అంతా గాలి కాదు. చెన్నైలో పుట్టిన ఫ్రెష్‌వర్క్స్ 2021లో అమెరికా నాస్‌డాక్‌లో లిస్ట్ అయినప్పుడు 500 మందికి పైగా ఉద్యోగులు కోటీశ్వరులయ్యారు. అందుకే చేరేముందు మూడు అడగాలి: మొత్తం షేర్లు ఎన్ని, కొనే ధర ఎంత, మానేస్తే కొనుక్కోడానికి ఎన్ని రోజులు టైమ్ ఇస్తారు. రిష్తా వాళ్లకి అబ్బాయి జీతం చెప్పేటప్పుడు కూడా ఆ 16 లక్షలే చెప్పండి.

కంపెనీ అసలుదా కాదా అని అనుమానముంటే కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూడొచ్చు. ఎప్పుడు రిజిస్టర్ అయింది, డైరెక్టర్లెవరు, చివరిసారి లెక్కలు ఏ ఏడాదికి వేశారు అన్నీ కనిపిస్తాయి. మీ పేరు మీద కూడా కంపెనీ ఏదైనా ఉందా అన్నది అక్కడే తెలుస్తుంది.

ఒకసారి వెళ్లి కళ్లతో చూడాలనుకునే అమ్మీ అబ్బాలకి: పాతబస్తీ నుంచి ఎంజీబీఎస్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రెడ్ లైన్ దిగి బ్లూ లైన్ ఎక్కితే చివరి స్టేషన్ రాయదుర్గం. అక్కడి నుంచి ఆటో. లోపలికి ఊరికే పంపరు, ఏదైనా ఈవెంట్‌కి పేరు రిజిస్టర్ చేయించుకుని వెళ్లండి. డెమో డే రోజైతే ఇంకా మంచిది, మీ అబ్బాయి నలుగురి ముందు ఏం మాట్లాడతాడో కూడా వినొచ్చు.