గద్వాలలో బయల్దేరితే ఆండ్రోమెడాకు 28 ఏళ్లే!

సెకను సెకనుకూ 9.8 మీటర్ల చొప్పున వేగం పెంచుకుంటూ పోయే నౌక ఉందనుకోండి. భూమి లాగే బలం కూడా అంతే కాబట్టి లోపలివాళ్లకు ఇంట్లో నిలబడ్డట్టే ఉంటుంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ దాదాపు ఒకే గీత మీద, సుమారు 30 కిలోమీటర్ల ఎడంలో ఉన్నాయి. గద్వాలలో కదిలిన ఈ నౌక 78వ సెకనుకు వనపర్తి దాటుతుంది, గంటకు 2,760 కి.మీ. వేగంతో! 111వ సెకనుకు నాగర్‌కర్నూల్. అప్పటికి వేగం 3,900.

చాలా నెమ్మది: నాసా వారి ‘డాన్’ వ్యోమనౌక. అయాన్ ఇంజిన్ తోపుతో గంటకు 96 కి.మీ. వేగం పెంచుకోవడానికి దానికి 4 రోజులు పట్టేది. అయినా ఏళ్ల తరబడి తోసీ తోసీ సెకనుకు 11 కి.మీ.కు పైగా కూడబెట్టింది. గ్రహశకలం వెస్టానూ, మరుగుజ్జు గ్రహం సెరెస్‌నూ చుట్టి చూసింది. ఓపికకు ఇంతకన్నా పెద్ద కిరీటం ఏముంది!

చందమామకు: శ్రీహరికోటలో 2023 జులై 14న ఎగిరిన చంద్రయాన్-3 దిగింది ఆగస్టు 23న. 640 టన్నుల రాకెట్ పని 16 నిమిషాల్లో ముగిసింది. ఆ తర్వాత సొంత ఇంజిన్‌ను అప్పుడప్పుడు కొద్దిసేపు మండించుకోవడం తప్ప, దాదాపు ప్రయాణమంతా ఊపుమీదే. మన ఊహా నౌక సగం దూరం వేగం పెంచి, మిగతా సగం తగ్గించుకుంటూ పోతే మూడున్నర గంటలు చాలు. గద్వాల నుంచి హైదరాబాద్‌కు బస్సు ప్రయాణమంత!

అతి వేగం: నాసా నౌక పార్కర్ సోలార్ ప్రోబ్. 2024 డిసెంబరు 24న సూర్యుడి పక్కగా గంటకు 6.92 లక్షల కి.మీ. ఆ వేగంతో గద్వాల నుంచి నాగర్‌కర్నూల్‌కు సెకనులో మూడో వంతు కూడా పట్టదు. మన నౌక ఆ రికార్డును ఐదున్నర గంటల్లో బద్దలు కొడుతుంది.

గడియారాల్లో అతి చిన్న తేడా: హైదరాబాద్ మూలాలున్న వ్యోమగామి రాజా చారి 2021-22లో 177 రోజులు అంతరిక్షంలో ఉన్నారు. కక్ష్యలో అంత వేగంగా తిరగడం వల్ల భూమ్మీది గడియారాల కన్నా ఆయన గడియారం వెనకబడింది సెకనులో వెయ్యింట సుమారు నాలుగు వంతులు!

మరి ఐన్‌స్టీన్ సాపేక్షత అవసరం ఎప్పుడు? 35వ రోజున మన నౌక వేగం కాంతిలో పదో వంతు. అప్పటికీ గడియారం తేడా నూటికి అర పాలే, బడిలో నేర్చిన ‘త్వరణం ఇంటూ కాలం’ సరిపోతుంది. 354వ రోజున ఆ సూత్రం కాంతినే దాటించేస్తుంది, అది అసాధ్యం. సాపేక్షత లెక్క ప్రకారం భూమ్మీద ఏడాది గడిచేసరికి వేగం కాంతిలో 72 శాతం. నౌకలో గడిచింది పదిన్నర నెలలే.

సూర్యుడి తర్వాత అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా: చందమామకు లాగే సగం దూరం వేగం పెంచి, మిగతా సగం తగ్గించుకుంటూ పోతే నౌకలో మూడున్నరేళ్లు, భూమ్మీద దాదాపు ఆరేళ్లు. గరిష్ఠ వేగం కాంతిలో 95 శాతం.

అతి పెద్ద తేడా ఆండ్రోమెడా గెలాక్సీది: నౌకలో ఇరవై ఎనిమిదిన్నరేళ్లు, భూమ్మీద 25 లక్షల ఏళ్లు!